అమ్మకు కీమో మొదలైంది... ఇంట్లో ఎవరెవరు ఏం చూసుకోవాలి?

మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ రొమ్ము క్యాన్సర్. ఇంట్లో అమ్మకే అది వచ్చిందని తెలిస్తే ఆ రోజు నుంచి ఇంటి లెక్క మొత్తం మారిపోతుంది. వంట ఎవరు చేయాలి, ఆస్పత్రికి ఎవరు తోడు వెళ్లాలి, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, రంజాన్ వస్తే రోజాల సంగతేంటి? డాక్టరు దగ్గర దొరికే ఐదు పది నిమిషాల్లో ఇవన్నీ అడగలేం. అందుకే ఇంటివాళ్ల పక్క నుంచి తెలుసుకోవాల్సిన విషయాలు ఇక్కడ చెప్పుకుందాం. రొమ్ము క్యాన్సర్‌ను ఉదాహరణగా తీసుకున్నా, వీటిలో చాలావరకు వేరే క్యాన్సర్లకు కీమో తీసుకునేవాళ్లకూ పనికొస్తాయి.

ఆమెకు చెప్పాలా వద్దా?

రిపోర్టు రాగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట, "అమ్మీకి చెప్పొద్దు, తట్టుకోలేదు" అని. గడ్డ అంటారు, ఇన్ఫెక్షన్ అంటారు. ప్రేమతోనే అంటారు, అందులో సందేహం లేదు. కానీ క్యాన్సర్ వార్డులో కూర్చున్న మనిషికి తన జబ్బేంటో తెలియకుండా ఎన్నాళ్లు ఉంటుంది? పక్క బెడ్డామె చెప్పేస్తుంది. అప్పుడు జబ్బు బాధకు తోడు, నా పిల్లలే నా దగ్గర దాచారన్న బాధ కూడా చేరుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆపరేషన్‌కు సంతకం పెట్టాల్సింది ఆమె. రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వొచ్చా అన్నది చాలామంది విషయంలో నిజంగానే ఎంచుకోదగ్గ ప్రశ్న. ఆ నిర్ణయం కొడుకులు, మరుదులు కలిసి హాల్లో తీసుకునేది కాదు.

చెప్పేటప్పుడు అంతా ఒకేసారి చెప్పక్కర్లేదు. ఆమె ఎంత అడిగితే అంత చెప్పండి, అబద్ధం మాత్రం వద్దు.

బంధువుల దగ్గర దాచడం వేరే కథ. ఇంట్లో పెళ్లీడు అమ్మాయి ఉంటే, సంబంధాలు తప్పిపోతాయని భయపడి ఖాందానులో ఎవరికీ చెప్పరు. రొమ్ము క్యాన్సర్లలో తల్లి నుంచి బిడ్డకు జన్యువుల ద్వారా వచ్చేవి దాదాపు 5 నుంచి 10 శాతమే. దాచడం వల్ల పోయేది సాయం చేసే చేతులే. కనీసం ఇద్దరు ముగ్గురు నమ్మకమైన వాళ్లకైనా చెప్పుకోండి.

ఫైలు ఒకరి చేతిలో ఉండాలి

సూదితో ముక్క తీసే పరీక్షను, అంటే బయాప్సీని, చాలామంది వద్దంటారు. కదిపితే పాకుతుందని భయం. ఆ భయానికి ఆధారం లేదు. ఆ ముక్క పరీక్షించకుండా ఏ మందు ఇవ్వాలో డాక్టరుకు తెలియదు. ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు పరీక్షల ఫలితాన్ని బట్టే చికిత్స మారుతుంది. ఈఆర్ పాజిటివ్ అయితే కీమో తర్వాత టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్ల దాకా వాడాలి. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ సాధారణంగా ఒక ఏడాది ఉంటుంది. ఈ ఇంజెక్షన్‌ను మన దేశంలోని కంపెనీలే తయారు చేస్తున్నాయి కాబట్టి ఒకప్పటి కంటే ధర బాగా తగ్గింది.

ఈ రిపోర్టులు, స్కానింగులు, ప్రతి కీమో తర్వాత ఇచ్చే చీటీలు అన్నీ తేదీల వరుసలో ఒకే ఫైల్లో పెట్టండి. ఆ ఫైలు బాధ్యత ఇంట్లో ఒకరిదే అయితే మంచిది. పదో తరగతి చదివే పిల్లాడైనా ఆ పని చేయగలడు. డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోండి. గదిలోకి వెళ్లాక సగం మర్చిపోతాం.

లేడీ డాక్టరే కావాలని నెలల తరబడి ఆగేవాళ్లు ఉన్నారు. అడగడం తప్పు కాదు. పరీక్ష సమయంలో లోపల ఒక నర్సు గానీ, కూతురు గానీ ఉండాలని కోరవచ్చు. లేడీ డాక్టరు దొరకలేదని చికిత్స వాయిదా వేయడం మాత్రం ప్రమాదం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు షరీఅత్ కూడా వెసులుబాటు ఇచ్చింది.

కీమో రోజులు, ఆ తర్వాతి రోజులు

రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా ఇచ్చే పద్ధతి ఒకటి చూద్దాం. రెండు మూడు వారాలకు ఒకటి చొప్పున నాలుగు డోసులు, ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున పన్నెండు డోసులు పాక్లిటాక్సెల్. అంటే దాదాపు ఐదారు నెలలు. ఆపరేషన్ దీనికి ముందైనా ఉండొచ్చు, తర్వాతైనా ఉండొచ్చు. రేడియేషన్ పడితే వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు. క్యాలెండర్ మీద ఈ తేదీలన్నీ గుర్తు పెట్టుకుంటే ఎవరు ఎప్పుడు సెలవు పెట్టాలో తేలిపోతుంది.

మొదటి డోసుల్లో ఇచ్చే డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా రావచ్చు. రక్తం అనుకుని కంగారు పడకండి. రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. "బుర్ఖా ఉందిగా, ఎవరు చూస్తారు?" అని ఓదార్చేవాళ్లు ఉంటారు. అలా అనకండి. అద్దంలో చూసుకునేది ఆమే. మెత్తటి కాటన్ గుడ్డ తలకు కట్టుకుంటే బాగుంటుంది. కీమో అయిపోయిన కొన్ని నెలలకు జుట్టు మళ్లీ వస్తుంది.

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తు పెట్టుకోగలిగితే, ఇది గుర్తు పెట్టుకోండి. కీమో ఇచ్చిన తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే అది మామూలు జ్వరం కాదు. పారాసిటమాల్ వేసి పొద్దున్నే చూద్దాంలే అనుకోవద్దు. అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లి, "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని మొదటి మాటగా చెప్పండి. రక్త పరీక్ష చేసి వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించాల్సి ఉంటుంది. ఇంట్లో థర్మామీటరు ఒకటి, రాత్రిపూట ఫోన్ చేస్తే వచ్చే ఆటో అతని నంబరు ఒకటి ముందే సిద్ధంగా ఉంచండి.

ఇక అంటు సంగతి. కొన్ని ఇళ్లలో ఆమెకు గ్లాసు వేరు, పళ్లెం వేరు పెడతారు. క్యాన్సర్ అంటుకోదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినొచ్చు. మనవళ్లు ఒళ్లో కూర్చోవచ్చు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ తీసుకున్నా ఆమె ఒంట్లో ఏ కిరణాలూ మిగిలి ఉండవు. కీమో ఇచ్చిన తర్వాత రెండు రోజులు మాత్రం వాంతి, మూత్రం అంటిన బట్టలు ఉతికేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. బాత్రూంలో నీళ్లు రెండుసార్లు పోయాలి. జాగ్రత్త ఆ మందు కోసం, మనిషి కోసం కాదు.

వంటింట్లో

కీమో తీసుకునే మనిషికి ఉల్లిపాయలు వేగే వాసనే పెద్ద శత్రువు. మన వంటలన్నీ అక్కడే మొదలవుతాయి! ఆమె పడుకునే గదికి వంటింటి వాసన రాకుండా తలుపు వేయండి. వేడి అన్నం కంటే చల్లారిన పెరుగన్నం, కిచిడీ, ఇడ్లీ, గంజి సులభంగా దిగుతాయి. మూడు పూటలు నిండుగా పెట్టే బదులు ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. మాంసం, చికెన్ బాగా ఉడికించి పెట్టొచ్చు, మాంసకృత్తులు ఆమెకు అవసరం. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి. రోడ్డు పక్కన కోసి పెట్టిన పండ్లు, పచ్చి సలాడ్లు, నిన్నటి కూర వద్దు. నోట్లో పుళ్లు పడితే ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించాలి.

కలోంజీ, తేనె, ఎవరో ఇచ్చిన వేర్ల పొడి లాంటివి ఇంటికి వస్తూనే ఉంటాయి. కూరలో నాలుగు కలోంజీ గింజలు వేస్తే ఏమీ కాదు. మందులా చెంచాల లెక్కన వాడితే కీమోతో కలిసి కాలేయం మీద భారం పడొచ్చు. ఏం వాడుతున్నా డాక్టరుకు చెప్పండి. కీమో మానేసి ఇది వాడమనే మనిషిని గడప దాటనివ్వకండి.

ఇయాదత్‌కు వచ్చేవాళ్లు

రోగిని పరామర్శించడం సవాబు. అందుకే మనవాళ్లు గుంపులుగా వస్తారు. పిల్లల్ని తెస్తారు, గంటలు కూర్చుంటారు. మా ఖాలాకు కూడా ఇదే వచ్చి పోయింది అని కథలు చెబుతారు. వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టాల్సింది ఆ ఇంటి కోడలే! రక్తకణాలు పడిపోయిన రోజుల్లో దగ్గు, జలుబు ఉన్న మనిషి పక్కన కూర్చోవడం అమ్మకు నిజంగా ప్రమాదం. కాబట్టి మొహమాటం లేకుండా ఇంటి మగవాళ్లలో ఒకరు గుమ్మం దగ్గర చెప్పాలి, "ఈ వారం కాదు భాయ్, వచ్చే వారం రండి, ఇప్పుడు దువా చేయండి" అని. ఈ మాట కోడలి చేత చెప్పించకండి, చెడ్డపేరు ఆమెకే వస్తుంది. నిజంగా సాయం చేయాలనుకునే బంధువులు ఒక పూట భోజనం వండి పంపవచ్చు, లేదా పిల్లల్ని స్కూలు నుంచి తేవచ్చు.

సేవ చేసే మనిషికి కూడా ఒంట్లో ఓపిక ఎంతో కొంతే ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ భారమంతా పెళ్లికాని కూతురి మీదో, కోడలి మీదో పడుతుంది. అబ్బా గారికి మందుల వేళలు చూసుకోవడం, అన్నం వండడం రాదనేం లేదు, నేర్పితే వస్తాయి. వారంలో ఒక రోజు ఆ అమ్మాయికి సెలవివ్వండి.

రోజా, నమాజు

చికిత్సలో ఉన్న అమ్మ రోజాలు వదలడానికి అసలు ఒప్పుకోదు. జబ్బుగా ఉన్నవాళ్లు తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చన్న వెసులుబాటు ఖురాన్‌లోనే, సూరా బఖరాలో ఉంది. ఇక కోలుకునే ఆశ లేనివాళ్లకు ఫిద్యా ఉంది. కీమో రోజుల్లో నీళ్లు బాగా తాగకపోతే కిడ్నీల మీద పడుతుంది. ఈ మాట మనం చెబితే వినకపోవచ్చు. ఆమె నమ్మే ఆలిం గారితో చెప్పించండి. కీమో అయిపోయి మాత్రల దశకు వచ్చాక పరిస్థితి వేరు. టామాక్సిఫెన్ రోజుకు ఒకసారే కాబట్టి ఇఫ్తార్ తర్వాతో, సహరీలోనో వేసుకోవచ్చు. రోజా ఉండొచ్చా అన్నది డాక్టరు చెప్పాలి.

ఆపరేషన్ అయిన వైపు చెయ్యి మీద బరువు వేసి సజ్దా చేయడం కష్టంగా ఉంటే కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చు. చేతికి మందు ఎక్కించే గొట్టం ఉంటే కట్టు తడవకూడదు, వుజూ ఎలా చేయాలో ఆలింను అడగండి.

ఖర్చు

తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి. ఆ మూడక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ పేరు అని మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఉత్తరాంధ్రవాళ్లకు విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆస్పత్రి ఉంది. చికిత్సకు రైల్లో వెళ్లేటప్పుడు స్లీపర్, థర్డ్ ఏసీల్లో క్యాన్సర్ రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ. ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. నగలు కుదువ పెట్టే ముందు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

అయిపోయాక

చివరి కీమో రోజు మిఠాయిలు పంచుతాం. మర్నాటి నుంచి అమ్మ మళ్లీ మామూలు మనిషి అయిపోవాలని ఇల్లంతా ఎదురుచూస్తుంది. అలసట మాత్రం నెలల తరబడి ఉంటుంది. పేర్లు మర్చిపోతుంది, వేళ్ల కొసలు తిమ్మిరి పట్టి కూరగాయలు కోయడం కష్టమవుతుంది. ఇవి వంకలు కావు, మందు ప్రభావాలు. ఆపరేషన్‌లో చంక కింది గ్రంథులు తీసి ఉంటే ఆ చెయ్యి వాచే అవకాశం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. ఆ చేతికి బీపీ, ఇంజెక్షన్ వద్దని ప్రతిచోటా చెప్పాలి. నిండు బిందెలు మోయించకూడదు. ఆస్పత్రిలో నేర్పిన చేతి వ్యాయామాలు రోజూ చేయించాలి. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్, ఏడాదికోసారి మామోగ్రాం.

ఆమె అక్కచెల్లెళ్లు, కూతుళ్లు కూడా ఒకసారి డాక్టరును కలవాలి. అమ్మకు 45 ఏళ్లప్పుడు వచ్చి ఉంటే, కూతురికి 35 దగ్గర పడుతున్నప్పుడే పరీక్షలు ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో అడగడం మంచిది. అమ్మ ఫైలు వెంట తీసుకెళ్లండి, అందులోని బయాప్సీ రిపోర్టును ఆ డాక్టరు కూడా అడుగుతారు.