జారిన ముక్కను రాబట్టుట

మన కవరైపేట్టైలో తెలుగు పాఠమును సెల్‌ఫోనున ప్రత్యక్షప్రసారముగా చూచుచుండగా ఒక్కొక్కప్పుడు బొమ్మ చెదరును. కారణమేమి? దృశ్యమును కుదించి పంపునపుడు పూర్తిచిత్రము అప్పుడప్పుడే వచ్చును; నడుమ వచ్చునవి మార్పులు మాత్రమే. అందొక ముక్క జారినచో మరల పూర్తిచిత్రము వచ్చువరకు తప్పు నిలిచియుండును. జారినదానిని తిరిగి అడిగి తెప్పించుకొనుటకు వ్యవధి తక్కువ.

కావున ముందే ఒక అదనపు ముక్కను చేర్చి పంపుదురు. 7, 5, 8 అను అంకెలతోపాటు మొత్తము 20 కూడ పంపితిమనుకొందము. 5 జారినను, 20 నుండి 15 తీసివేసి దానిని రాబట్టుకొందుము. రెండంకెలు జారినచో ఈ మొత్తమొక్కటి చాలదు. అంతకు మించిన నష్టమునకు 1960లో రీడ్, సాలమన్ అను గణితజ్ఞులు ప్రకటించిన పద్ధతి తోడ్పడును.

మన వృత్తపద్యములోని ప్రాసయు నిట్టిదే. తాటాకుపై ఒక పాదమున ప్రాసాక్షరము చెరిగినను, దాని హల్లును తక్కిన పాదములు తెలుపును. కొంత అదనపు భారము మోసినగాని పాఠము చెడక మనకు చేరదు.