మెమరీ చిప్పుల వెల్లువ – వాటాదారుల గతి

పిల్లల పైచదువులకై కూడబెట్టిన సొమ్మును చిప్పుల కంపెనీల వాటాలలో పెట్టవచ్చునా యని మన పాఠశాల తలిదండ్రులు కొందరు అడుగుచున్నారు. సెల్‌ఫోను మొదలు మోటారుకారు వరకు చిప్పు లేని వస్తువు అరుదు గనుక, వానిని చేయువారికి నష్టము రాదని పలువురి తలంపు. మెమరీ చిప్పుల విషయమున ఈ తలంపు సరికాదు. ప్రపంచమున వాని వాడకము ఏటేట పెరుగుచుండగనే ఆ వ్యాపారము పలుమార్లు మునిగినది.

మిరప పైరు సంగతి మనవారికి తెలియనిది కాదు. ఒక యేడు మంచి ధర పలికినచో మరుసటి యేడు ఊరంతయు మిరపయే వేయును. కాయ కోతకు వచ్చునప్పటికి ధర పడిపోవును. మెమరీ చిప్పుల తీరును ఇట్టిదే. సమాచారమును నిలువచేయు ఈ చిప్పు ఒకే రకమైనచో ఏ కంపెనీ చేసినను ఇంచుమించు ఒక్కటే. కావున ధరను అంగడియే నిర్ణయించును. ధర బాగున్న కాలమున ప్రతి కంపెనీయు కొత్త కర్మాగారమునకు పునాది వేయును. అది పూర్తియగుటకు రెండు మూడేండ్లు పట్టును. అన్నియు ఒక్కసారి పనిలోనికి వచ్చునప్పటికి కొనువారు చాలరు.

మిరప రైతు మరుసటి యేడు వేరొక పైరు వేసికొనును. చిప్పుల కర్మాగారమునకు ఆ వీలు లేదు. వేలకోట్లు పోసి కొన్న యంత్రములు నడచినను నిలిచినను వాని తరుగుదల ఆగదు, అప్పుమీది వడ్డీ ఆగదు. ముడిసరకు, విద్యుత్తు ఖర్చులు గిట్టినంతవరకు నడుపుటయే మేలని ప్రతివాడును ఎంచును. ఎదుటివాడు ముందుగా తగ్గించునని ఎదురుచూచును. ఎవరి లెక్క వారికి ఒప్పే; సరకు మాత్రము గోదాములలో పేరుకొనును.

జపానులోని ఎల్పిడా చరిత్ర ఇందుకు తార్కాణము. 1999లో ఎన్.ఇ.సి., హిటాచీ కంపెనీలు తమ మెమరీ వ్యాపారములను కలిపి నెలకొల్పిన సంస్థ యిది. ఆశ యను అర్థముగల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది. పేరు పెట్టినవారికి తుది సంగతి తోచియుండదు. 2009లో జపాను ప్రభుత్వ సాయముగా 3,000 కోట్ల యెన్‌లు అందినవి. అయినను చిప్పుల ధరలు పడుచునే యుండెను. యెన్ విలువ పెరిగి ఎగుమతి గిట్టకపోయెను. 2011లో థాయిలాండు వరదలు కంప్యూటర్ల తయారీని దెబ్బతీయగా గిరాకీ మరింత తగ్గెను. 2012 ఫిబ్రవరిలో సుమారు 44,800 కోట్ల యెన్‌ల బాకీలతో ఎల్పిడా న్యాయస్థానమును ఆశ్రయించెను. మరుసటి సంవత్సరము అమెరికాకు చెందిన మైక్రాన్ దానిని కొనెను. హిరోషిమాలోని కర్మాగారము మైక్రాన్ చేతిలో సాగినది. అప్పిచ్చినవారికి కొంత ముట్టినది. వాటాదారులకు ఏమియు దక్కలేదు.

పిమ్మట ఈ వ్యాపారమున అధికభాగము సామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అను మూడింటి చేతికే వచ్చెను గాన, ఇక వెల్లువలు రావని కొందరు తలచిరి. కోవిడ్ కాలమున ఇంటినుండియే చదువులు, ఉద్యోగములు సాగుటచే కంప్యూటర్లు విరివిగా అమ్ముడుపోయినవి. 2022లో ఆ గిరాకీ సన్నగిల్లినది. 2023లో హైనిక్స్‌నకు వ్యాపారమున 7.73 లక్షల కోట్ల వోన్‌ల నష్టము, ఆ ఆర్థిక సంవత్సరమున మైక్రాన్‌నకు 583 కోట్ల డాలర్ల నష్టము కలిగినవి. అంతవరకు పట్టుబట్టిన సామ్‌సంగ్ సైతము ఏప్రిలులో ఉత్పత్తి తగ్గింపును ప్రకటించినది. మరుసటి యేడే హైనిక్స్ 23 లక్షల కోట్ల వోన్‌లకు మించిన లాభము చూపినది!

వాటా ధర లాభమునకు ఎన్ని రెట్లున్నదో చూచి, తక్కువ రెట్లున్నచో చౌక యని కొనుట వాడుక. ఇచట ఆ లెక్క తలక్రిందులగును. లాభము శిఖరమున నున్ననాడే రెట్లు తక్కువగా కనబడును. కొత్త కర్మాగారములు లేచునదియు అప్పుడే. 2025 చివర కృత్రిమ మేధ కొరకు మెమరీకి కొరత యేర్పడి ధరలు మిక్కిలి పెరిగినవి. కొరియాలోను, అమెరికాలోను కట్టడములు సాగుచుండెను. రెండు మూడేండ్లలో కళాశాల రుసుము కట్టవలసిన సొమ్మునకు ఈ వాటాలు తగవని మా అభిప్రాయము. పదేండ్లవరకు తాకనక్కరలేని సొమ్ము గలవారు కొనదలచినచో, వార్షిక నివేదికలో లాభము కంటె ముందుగా అమ్ముడుపోని నిల్వ యెంత పెరిగినదో, కొత్త కర్మాగారములకు ఎంత వెచ్చించుచున్నారో చూడవలెను.