టోర్బెల్ గ్రామపు ఉమ్మడి బీళ్లు

ఉమ్మడి సొత్తు పాడగుటయే గాని బాగుపడుట లేదని పలువురందురు. ఈ మాట యెల్లెడల నిజము గాదనుటకు స్విట్జర్లాండు దేశమందలి టోర్బెల్ అను చిన్న పల్లెను మేము చూపుచున్నాము. వాలే మండలమున, విస్పా నది లోయ కెగువ, ఏటవాలు కొండప్రక్కను రమారమి 1,500 మీటర్ల యెత్తున నీ గ్రామము గలదు. అచట వానలు తక్కువ. మంచు కరగిన నీటిని కాలువల ద్వారమున పొలములకు దెచ్చుకొనిరి. ధాన్యము, ద్రాక్ష, ఎండుగడ్డి పండు భూము లెవరివి వారివే; కొండమీది బీళ్లు, అడవులు, కాలువలు, బాటలు మాత్ర ముమ్మడి.

గ్రామస్థులు 1483లోనే కట్టుబాటు వ్రాసికొనిరి. 1517 నాటి నిబంధన మఱింత యుక్తమైనది. శీతకాలమున దాను మేపగలిగినన్ని యావులనే యెవడైనను వేసవిలో బీళ్లకు దోలవలెను. మించినచో జరిమానా, వసూలు చేసిన గ్రామోద్యోగికి అందు సగము. ఆ సగమే కట్టుబాటును నిలిపినదేమో! జున్నును గూడ నెవరి యావుల సంఖ్యనుబట్టి వారికి బంచెడివారు. పరాయివాడు భూమి కొన్నంతమాత్రమున హక్కు రాదు, గ్రామస్థులు సమ్మతింపవలెను.

రాబర్ట్ నెట్టింగ్ పండితుడు 1981లో నీ పల్లెపై గ్రంథము వెలువరించెను. 1990లో ఎలినార్ ఆస్ట్రం తన గ్రంథమున దీనిని నిదర్శనముగా జూపెను. 2009లో నామెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఈ నియమమున సమానత్వము గలదని మేమనము. గడ్డిభూమి యెక్కువ గలవానికే యావులు నెక్కువ. అయినను కొన్ని శతాబ్దములు గడచినను బీడు చెడలేదు.