మీ పిల్లికి పాలన్నం చాలదు!

పిల్లి అనగానే మనకు గుర్తొచ్చేది పాలే. రాయలవారిచ్చిన పిల్లికి తెనాలి రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి, ఆ తర్వాత పాలను చూస్తేనే అది పారిపోయేలా చేసిన కథ మీ పిల్లలకు చెప్పే ఉంటారు. నిజానికి పాలు మానేసినంత మాత్రాన పిల్లికి వచ్చే నష్టమేమీ లేదు. కథలో అది బక్కచిక్కిందంటే, ఇంకేమీ పెట్టకపోవడం వల్లే!

తల్లిపాలు మానేశాక పిల్లికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. అందుకే చాలా పిల్లులకు ఆవుపాలు, గేదెపాలు పోస్తే విరేచనాలవుతాయి. మరి పెరుగన్నమో? కడుపు నిండుతుంది గానీ ఒంటికి కావలసింది అందదు.

అన్నం ఎందుకు చాలదు?

కుక్క మనతోపాటు అన్నం తిని సర్దుకుపోగలదు. పిల్లి అలా కాదు, అది పుట్టుకతోనే మాంసాహారి. దాని గుండెకు, కళ్ళకు టౌరిన్ అనే పదార్థం తప్పనిసరిగా కావాలి. అది మాంసంలో, చేపల్లో ఉంటుంది. బియ్యంలో, పప్పులో ఉండదు. ఇది అందకపోతే నెలల తరబడి పైకేమీ కనబడకుండానే చూపు మందగిస్తుంది, గుండె కండరం బలహీనపడుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 1987లో ఈ గుండెజబ్బుకూ టౌరిన్ లోపానికీ ఉన్న సంబంధాన్ని నిరూపించారు. ఆ తర్వాతే తయారీదారులు పిల్లుల ఆహారంలో దీన్ని తగినంత కలపడం మొదలుపెట్టారు. క్యారెట్ తింటే మన శరీరం ఎ విటమిన్ తయారుచేసుకుంటుంది. పిల్లికి ఆ శక్తి కూడా లేదు.

శాకాహారుల ఇంట్లో ఎలా?

మా వంటింట్లోకి గుడ్డు కూడా రానివ్వం, మరెలా అంటారా? మన నియమం మనది, దాని ఒళ్ళు దానిది. మీరు మాంసం ముట్టుకోనక్కర్లేదు. పిల్లుల కోసం ప్రత్యేకంగా చేసిన పొడి ఆహారం ప్యాకెట్లలో దొరుకుతుంది. దాని గిన్నె, చెంచా విడిగా పెట్టుకుంటే సరి. కొనేముందు రెండు విషయాలు చూడండి. ప్యాకెట్ మీద అది సంపూర్ణాహారమని రాసి ఉండాలి, అందులో టౌరిన్ ఉండాలి. చవకగా వస్తుందని కుక్కల ఆహారం తేకండి.

నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు సుమారు 50 నుంచి 60 గ్రాములు సరిపోతుంది. రెండు పూటలుగా పెట్టండి. నాలుగు నెలల లోపు కూనలకైతే నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టాలి. ఒక్కసారిగా మార్చేస్తే మూతి తిప్పేసుకుంటుంది. పాత తిండిలో కొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి.

మాంసాహారులైతే

వారానికి రెండు మూడుసార్లు ఇలా చేసి పెట్టండి. ఎముకల్లేని కోడి మాంసం 100 గ్రాములు, దొరికితే ఒక కోడి గుండెకాయ తీసుకుని కొద్ది నీళ్ళలో మెత్తగా ఉడికించండి. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ఏవీ వద్దు. చల్లారాక సన్నగా తుంచి, ఒక చెంచా మెత్తటి అన్నం కలపండి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, టౌరిన్ అందులోకి దిగుతుంది. ఆ నీళ్ళతోనే గోరువెచ్చగా పెట్టండి. ఇది పెట్టిన పూట ప్యాకెట్ ఆహారం తగ్గించండి. రోజూ ఇదే పెడితే మాత్రం కాల్షియం చాలదు. కార్జం వారానికొక చిన్న ముక్క చాలు. రోజూ పెడితే ఎ విటమిన్ ఎక్కువై ఎముకలు దెబ్బతింటాయి.

ఇవి పెట్టకండి

• ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, పులుసులు. వీటివల్ల పిల్లి రక్తకణాలు చిట్లిపోతాయి. చేపల పులుసులో ముక్క కడిగి పెట్టినా ప్రమాదమే.
• ఉడికిన ఎముకలు. విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.
• ఉప్పు చేపలు, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్.
• ఒళ్ళు వెచ్చగా ఉందని మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర అసలే వద్దు. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

నీళ్ళ సంగతి

పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాల్లో బతికిన అడవి పిల్లులు. అందుకే దీనికి దాహం తక్కువ. పొడి ఆహారం తినే పిల్లికి నీళ్ళు తప్పకుండా అందుబాటులో ఉండాలి. తిండిగిన్నెకు దూరంగా రెండు మూడు చోట్ల నీళ్ళు పెట్టి, రోజూ మార్చండి. నీళ్ళు చాలకపోతే మూత్రం చిక్కబడి ఇబ్బందులు రావచ్చు. ముఖ్యంగా మగపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయలేకపోతుంటే మలబద్ధకమనుకుని ఊరుకోకండి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్ళండి.

బొద్దుగా ఉంటే ముద్దే గానీ, పక్కలు నిమిరితే పక్కటెముకలు చేతికి తగలాలి. తగలకపోతే తిండి కొంచెం తగ్గించండి, కానీ పస్తు పెట్టకండి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది. ఒక రోజంతా తిండి ముట్టకపోతే అలిగిందని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.