కాలువ గట్టు మీది పరిశుద్ధులు



గత వేసవిలో మేము నెల్లూరు తీరాన ఒక చిన్న సంఘానికి వాక్యపరిచర్య నిమిత్తం వెళ్ళాము. ఆరాధన ముగిసి బయటకు వచ్చేసరికి ఒక సహోదరి మందిరం గోడ పక్కన నిలబడి ఉంది. చివరి కీర్తన పాడేటప్పుడు వచ్చి, లోపలికి రాకుండా అక్కడే ఆగిపోయిందట. ఎందుకమ్మా లోపలికి రాలేదని అడిగాము.

“రాత్రంతా షెడ్డులో రొయ్యలు ఒలిచొచ్చానయ్యా. ఇంటికి పోయి నీళ్ళు పోసుకొనేసరికి ఈ పొద్దయింది. చేతులకి ఆ వాసన పోలేదు, లోపల పదిమందిలో ఎట్టా కూర్చునేది? స్త్రీల సమాజానికి పోలేను, ఉపవాస కూటానికి పోలేను. పని చేసుకొని బతికేదాన్ని, నాకు పరిశుద్ధత యాడ కుదురుద్దయ్యా?”

“నీ కోసం ప్రార్థన చేస్తామమ్మా” అని చెప్పి జీపు ఎక్కాము. అది జవాబు కాదని దారిలోనే మాకు తెలిసింది. ఆ రోజు చెప్పవలసినది, కొంచెం ఆలస్యంగా, ఇక్కడ రాస్తున్నాము.

ఆమె అడిగిన ప్రశ్న చాలామంది అడిగినదే. రోమన్ కాథలిక్ సహోదరులలో హోసేమరియా ఎస్క్రివా అనే స్పెయిన్ దేశపు గురువు ఈ ప్రశ్న మీదనే జీవితమంతా గడిపాడు. ఆయన 1902లో పుట్టి 1975లో మరణించాడు. 1928 అక్టోబరు 2న మద్రిదు పట్టణంలో ‘దేవుని పని’ అని అర్థమిచ్చే పేరుతో ఒక సంస్థను ప్రారంభించాడు. మఠంలో చేరితేనే పరిశుద్ధుడవు కానక్కరలేదు, నీ బల్ల దగ్గర, నీ వంటింట్లో, నీ పొలంలో చేసే పనినే దేవునికి అర్పణగా చేయవచ్చు అన్నది ఆయన బోధ సారాంశం. 2002 అక్టోబరు 6న పోపు రెండవ జాన్ పాల్ ఆయనను పునీతునిగా ప్రకటించాడు. ఆయన సంస్థ మీద విమర్శలు లేకపోలేదు, వాటి జోలికి మేము పోము. పునీతులకు ప్రార్థించడం మన సంఘాలలో లేదు. పౌలు తన పత్రికలలో పరిశుద్ధులు అని పిలిచింది కొరింథులో, ఫిలిప్పీలో ఉన్న మామూలు విశ్వాసులనే. అయినా చెప్పిన మాట మంచిదైతే ఎవరి నోట వచ్చినా వినవలసిందే.

అయితే ఈ పాఠం నేర్చుకోవడానికి మనం స్పెయిను దాకా వెళ్ళనక్కరలేదు. ఎస్క్రివా పుట్టకముందే ఈ తీరాన మన తాతముత్తాతలు దీనిని నేర్చుకున్నారు. పుస్తకాల్లో కాదు, పార పట్టుకొని, తట్ట మోసి నేర్చుకున్నారు.

ముందు యర్రగుంట్ల పేరయ్యగారి సంగతి చెప్పాలి. ఈయన ఒంగోలుకు పడమటనున్న తాళ్ళకొండపాడు వాడు, మాదిగ కులస్థుడు. 1904 వరకు ఒంగోలు ప్రాంతం కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. చదువు లేదు గాని దేవుని కోసం వెదకిన మనిషి, యోగమార్గంలో గురువుల దగ్గర కూర్చున్నవాడు. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు యేసును గురించి మొదట విన్నాడు. తనను చిన్నచూపు చూడడానికి లోకం ఏ తోలును చూపించిందో, ఆ తోలు బేరమే ఆయనను సువార్త దగ్గరకు నడిపించింది. 1866లో ఆయన, భార్య నాగమ్మగారు బాప్తిస్మం పొందారు. మరుసటి జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు దగ్గర గుడారం వేసినప్పుడు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

చచ్చిన జంతువును ముట్టినవాడు సాయంకాలం వరకు అపవిత్రుడని లేవీయకాండము చెబుతుంది. అందుచేత యూదులలో కూడా తోలు పనివారికి గౌరవం తక్కువ. అయినా యొప్పేలో పేతురు ఎవరి ఇంట దిగాడు? సముద్రపు దరిని ఉన్న సీమోను అనే చర్మకారుని ఇంట (అపొ. కార్యములు 9, 10 అధ్యాయాలు). అన్యజనులను అపవిత్రులని ఎంచవద్దన్న దర్శనం ఆ మిద్దె మీదనే కలిగింది. కింద తొట్లలో తోళ్ళు నానుతూ ఉండి ఉంటాయి, ఆ వాసన పైదాకా వచ్చే ఉంటుంది. 1818లో తెలుగు క్రొత్త నిబంధనను శ్రీరాంపురంలో అచ్చు వేయించిన కేరీగారు కూడా మొదట చెప్పులు కుట్టినవాడే.

పేరయ్యగారి వెంట వచ్చిన కొత్త విశ్వాసులకు దొరగారు ముఖ్యంగా మూడు విషయాలు చెప్పారు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. తోలు పని మానమని ఆ మూడింటిలో లేదు. చెప్పులు, కాడి వారులు, కపిల తొండాలు చేసే పని హేయమని ఎవరూ అనలేదు. మానవలసింది జాతరలో డప్పు కొట్టడం. ఇది చెప్పినంత సులభంగా జరగలేదు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది. కుమ్మరి కుండ అమ్మకూడదన్నారు, పశువులను బీట్లోకి రానివ్వలేదు. ఆ మూడు మాటలు నిలబెట్టుకోవడానికి వాళ్ళు చాలా నష్టపోయారు.

తరువాత 1876లో వానలు తప్పాయి. 1878 దాకా సాగిన ఆ కరవును మద్రాసు రాష్ట్రమంతా పడింది. ప్రభుత్వం సహాయపు పనులు పెట్టింది గాని కూలి మరీ తక్కువ, దానిలోనూ పై మేస్త్రీలు కోసుకొనేవారు. తీరం వెంట అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు. క్లౌ దొరగారు దానిలో 3½ మైళ్ళ పని కంట్రాక్టుకు తీసుకున్నారు. దైవసేవకుడికి కాలువ కంట్రాక్టు ఏమిటని ఎవరైనా అనవచ్చు. ఆయన కుర్రతనంలో అమెరికాలో సర్వేయరు పని నేర్చినవాడు. ఆ పాత పనే ఆ రోజు వేలమంది ప్రాణాలకు అక్కరకు వచ్చింది. చదువులో నేర్చినదానికంటే అది ఆ ఏడాది ఎక్కువ ఉపయోగపడిందేమోనని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

రాజుపాలెం అనే చోట తాటాకు గుడిసెలతో పెద్ద మకాం వెలిసింది. దాదాపు ముప్ఫై మంది బోధకులు పని మీద మేస్త్రీలయ్యారు, ఒక్కొక్కరి కింద సుమారు వందమంది. ఉపాధి హామీ పనుల్లో మేటుగా చేసినవారికి మస్తరు అంటే ఏమిటో తెలుసు. ఎవరి పేరు రాశాము, ఎవరిది రాయలేదు, ఎవరి కూలిలో ఎంత ఆగింది, మనిషి భక్తి అక్కడ తెలిసిపోతుంది. ఆ బోధకులు తిట్టకుండా, కొట్టకుండా, కోత పెట్టకుండా పని చేయించారు. ఫలాని చోట మనిషిని మనిషిగా చూస్తున్నారన్న మాట ఊళ్ళు దాటింది. దూరం నుండి, వేరే కులాల నుండి కూడా జనం వచ్చారు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు తట్టలు మోశారు. పని ఆపి అలుపు తీర్చుకొనే వేళ బోధకుడు వాళ్ళ నడుమ కూర్చొని, భారము మోసేవారిని తన దగ్గరకు రమ్మన్న యేసు మాట (మత్తయి 11:28) చెప్పేవాడు. నిజంగానే నెత్తిన భారం మోసి దించిన మనిషికి ఆ వచనం ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

ఆ మకాంలో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. దొరగారు ఇవ్వలేదు. గింజల కోసం కలిశారన్న మాట వాళ్ళకు రాకూడదని పదిహేను నెలలు ఆపారు. పని ముగిసింది, ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండని చెప్పారు. అప్పుడు వాళ్ళు తమ చేతుల బొబ్బలు చూపించారట. సహాయం అడగడానికి రాలేదు, పని చేశాము, ఇంకా చేస్తాము, వచ్చే పంట పోతే చస్తాము, చస్తే క్రైస్తవులుగా చావాలి అన్నది వాళ్ళ మాట సారాంశం. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం ప్రతి జూబిలీలో చెప్పుకుంటాము. బొబ్బల మాట మాత్రం అంతగా చెప్పుకోము.

ఇక ఆ సహోదరి విషయం. పనే ఆరాధన గనుక ఆదివారం మందిరానికి రాకపోయినా ఫరవాలేదని మేము అనము. తాళ్ళకొండపాడు వాళ్ళు ఆదివారం కోసం కుండలు, పచ్చిక పోగొట్టుకున్నారు. కాని రొయ్యల పట్టు ఎప్పుడు పడుతుందో చెరువు యజమాని చేతిలో ఉంది, ఆమె చేతిలో లేదు. లారీ వస్తే షెడ్డుకు పోవాలి, పోకపోతే మరుసటి రోజు పిలవరు. కాలువ దగ్గరి బోధకులు జనం మందిరానికి వచ్చేదాకా ఆగలేదు, తవ్వుతున్న గోతుల దగ్గరకే వాక్యం తీసుకెళ్ళారు. స్త్రీల సమాజం మధ్యాహ్నం రెండు గంటలకే జరగాలని వాక్యంలో ఎక్కడుంది? ఆ సంఘపు పెద్దలకు ఈ మాట ఉత్తరం రాశాము. కూటం నెలకు ఒకసారి షెడ్డు దగ్గరి వేపచెట్టు కింద, షిఫ్టు మారే వేళ పెడుతున్నారని జవాబు వచ్చింది. మొదటి కూటానికి నలుగురే వచ్చారట.

మొన్న మేము మళ్ళీ అటు వెళ్ళాము. కాలువలో ఇప్పుడు పడవలు లేవు. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం దీని మీదనే మద్రాసుకు పోయేవి. చాలాచోట్ల పూడిపోయి తూటికాడ మొలిచింది. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పెద్దగంజాం నుండి చెన్నై దాకా ఈ కాలువే సముద్రపు నీటిని చాలామట్టుకు తనలోకి తీసుకుంది, కొద్ది నిమిషాల్లో నీరు వెనక్కి మళ్ళింది. పల్లెకారుల ప్రాణాలు ఎన్నో నిలిచాయి. కరవులో తట్టలు మోసినవారికి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

ఆ సహోదరి వేపచెట్టు కింద కనబడింది. ఈ కథంతా చెప్పాము. శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది.

“ఆడోళ్ళకి గూడా కూలి సరిగ్గా ఇచ్చారా అయ్యా?”

కోత లేకుండా ఇచ్చారమ్మా, అందుకే దూరం నుండి కూడా వచ్చారు అన్నాము.

“అట్టయితే సరే” అని క్యారేజీ తీసుకొని లేచింది. లారీ అప్పటికే వచ్చి ఉంది.