హృదయమును తూచిన త్రాసు

మతవిశ్వాసము ఒక్కనాడు పుట్టి యట్లే నిలిచియుండునది కాదు. జనుల జీవితముతోపాటు అదియును పెరుగును, మారును, ఒక్కొక్కప్పుడు దారి తప్పును. ఈ సత్యమునకు ప్రాచీన ఈజిప్టు చరిత్ర చక్కని నిదర్శనమని మేము తలంచుచున్నాము. 1822లో షాంపోలియన్ ఆ దేశపు చిత్రలిపిని చదువు మార్గమును కనిపెట్టినది మొదలు, ఆ ప్రజల పరలోకభావన ఎట్లు పరిణమించెనో వారి వ్రాతలవలననే తెలియవచ్చుచున్నది.

ఆ పరలోక మంత్రములలో మిక్కిలి ప్రాచీనములు సక్కారాయందలి ఉనాస్ రాజు పిరమిడు లోపలి గోడలపై నున్నవి. క్రీ. పూ. 2350 ప్రాంతమున చెక్కబడిన వీనిని 1881లో ఫ్రెంచి పండితుడు మాస్పెరో వెలుగునకు తెచ్చెను. మృతుడైన రాజు ఆకాశమున కెగసి దేవతలలో నొకడగుటకు ఇవి సాధనములు. మొదట రాజునకును, తరువాత కొందరు రాణులకును మాత్రమే పిరమిడులలో ఇట్టి మంత్రములు వ్రాయబడెను. పొలము దున్ని, రాయి మోసి, ఆ కట్టడములను నిలిపినవానికి ఆ గోడలపై చోటు లేదు. రాజు ఎట్లు పాలించెనను ప్రశ్నకును అందు ప్రాధాన్యము లేదు.

కాలక్రమమున రాజశక్తి సడలినది, రాష్ట్రాధికారులు ప్రబలిరి. క్రీ. పూ. 2100 ప్రాంతమునకు అవే మంత్రములును, వాని ననుసరించిన క్రొత్తవియు, అధికారుల శవపేటికలపై కానవచ్చుచున్నవి. చచ్చి బ్రదికిన దేవుడగు ఒసైరిస్‌తో ఏకమగు భాగ్యము రాజునుండి దిగి ఉద్యోగికి సంక్రమించినది. క్రీ. పూ. 1500 ప్రాంతమునకు ఆ మంత్రములు పపైరసు చుట్టలపై కెక్కినవి. పండితులు వీనికే 'మృతుల గ్రంథము' అని పేరిడిరి.

ద్వారము విశాలమైనకొలది, దానికడ ఒక పరీక్షయు ఏర్పడినది. ఒసైరిస్ సభలో మృతుని హృదయమును త్రాసున ఒక తట్టలోను, సత్యధర్మ దేవతయగు మాత్ యొక్క ఈకను రెండవ తట్టలోను ఉంతురు. అనూబిస్ తూచును, థోత్ వ్రాసికొనును. తూకము తప్పినవాని హృదయమును ప్రక్కనే కాచియున్న మొసలితల మృగము మ్రింగివేయును. యముని కొలువును, చిత్రగుప్తుని చిట్టాను ఎరిగిన మన పాఠకులకు ఈ చిత్రము వింత గొలుపదు. మృతుడు 42 మంది న్యాయదేవతల యెదుట తాను పాపములు చేయలేదని చెప్పుకొనవలెను. ఆ పాపముల పట్టిక మిక్కిలి గమనింపదగినది. హత్య, దొంగతనములతోపాటు, పరుల పొలమును ఆక్రమించుట, భూమి కొలతను తగ్గించుట, త్రాసును మోసముగా నడుపుట, పారవలసిన నీటికి అడ్డుకట్ట వేయుట అందు చేరియున్నవి. నైలునది నీటిపై బ్రదుకు జనులకు గట్టు జరుపుటయు దేవుని యెదుట విచారింపదగిన నేరమయ్యెను. మతము నీతియై పొలముగట్టున నిలిచిన ఘట్టమిది.

అయినను ఈ కథకు రెండవ ప్రక్కయు కలదు. లేఖకులు ఈ చుట్టలను ముందుగనే వ్రాసి, కొనువాని పేరునకు ఖాళీ విడిచియుంచుటయు కలదు. లండనులోని బ్రిటిష్ మ్యూజియము 1888లో సంపాదించిన, సుమారు 78 అడుగుల పొడవుగల ఆని యను లేఖకుని చుట్టలో సహితము, ఆతని పేరు పలుచోట్ల పిమ్మట చేర్చబడినదే. ఇంతకంటె విచిత్రము వేరొకటి. తన హృదయము తనకే విరుద్ధముగా సాక్ష్యము పలుకవలదని వేడుకొను మంత్రమును, పేడపురుగు రూపముగల శిలపై చెక్కించి శవము ఎదపై నుంచెడివారు. త్రాసును నిలిపిన మతమే త్రాసును తప్పించుకొను ఉపాయమును కూడ అందించినది. బీదవానికి ఆ చుట్టను కొను శక్తి లేదు. ధనికునికి పాపము చేసియు నిర్దోషియని వ్రాయించుకొను వీలు కలిగినది.

ఈ లోపమును ఆ దేశపు విజ్ఞులు ఎరుగకపోలేదు. మెరికరే రాజునకు తండ్రి చేసిన యుపదేశముగా వెలసిన ప్రాచీన నీతిగ్రంథమునందే, దుర్జనుడు అర్పించు ఎద్దుకంటె సజ్జనుని శీలమే దేవునికి ప్రియమను భావము కలదు.

ఏ మతము ఎంత పెరిగినదో తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు చాలునని మా యభిప్రాయము. దాని ద్వారము ఎందరికి తెరువబడినది? లోనికి పోవువానిని అది అడుగునది నడవడినా, ధనమునా? మొదటి ప్రశ్నకు ఈజిప్టు నానాటికి మేలైన సమాధానమే చెప్పినది. రెండవదానికి రెండు నాలుకలతో బదులు పలికినది. కాలువలును, పొలముగట్లును, త్రాసులును మనకును ఉన్నవి. వానికడ మన నడవడి యెట్టిదో, ఏ చుట్టయు మనకు బదులుగా చెప్పజాలదు.