పాతసామానునకు క్రొత్తవన్నె

గృహమునకు శోభ కూర్చునది వర్తకుడు కాదు, ఇల్లాలు. ఎంత ధనము వెచ్చించి యెన్ని వస్తువులు కొనితెచ్చినను, వానిని తగినచోట నుంచి కాపాడు చేయి లేనియెడల ఆ యిల్లు అంగడివలె నుండును గాని యిల్లువలె నుండదు. ఈ కాలమున క్రొత్తసామాను కొనుట మిక్కిలి సులభమైనది. నెలవాయిదాలమీద బీరువాలును, మంచములును, భోజనపుబల్లలును వాకిటికే వచ్చుచున్నవి. వానిలో పెక్కులు రంపపుపొట్టును జిగురుతో కలిపి అదిమిన పలకలతో చేసినవి. నీరు తగిలిన నుబ్బును; ఒకసారి ఊడిన మర మరల బిగియదు. ఇట్టివానికి చోటు చేయుటకై, రెండుతరములు నిలిచిన టేకుపెట్టెను పాతసామానులవానికి అయినకాడికి ఇచ్చివేయువారిని చూచుచున్నాము. సోదరీమణులారా! ఆ పెట్టెను గడప దాటించుటకు ముందు ఒక్క పక్షము దినములు మీ చేతిపనికి దానిని అప్పగించి చూడుడు.

పాల్కురికి సోమనాథుని జన్మస్థలమని ప్రసిద్ధికెక్కిన పాలకుర్తి గ్రామము 2016 వఱకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన జనగామ జిల్లాలో చేరినది. ఇట్టి యూళ్లలో పెంకుటిండ్లు తీసి డాబాలు కట్టునపుడు ఎన్నో యేండ్లుగా మూలబడియున్న సందూకులు, పీటలు, మేజాలు వెలుతురు చూచును. హైదరాబాదులోని జుమ్మెరాత్ బజారువంటి చోట్ల ఇట్టి వస్తువులే గురువారముల నాడు కుప్పలుగా అమ్మకమునకు వచ్చును. ఇటీవల పాలకుర్తిలో నొక యింట అత్తగారి సారెపెట్టెను బేరము పెట్టగా, కోడలు వారించి నిలుపుకొన్నది. మూత చీలియుండెను, ఒక కాలు వదులైయుండెను, ఏ కాలమున నెవరు వేసిరో తెలియని నాలుగుపూతల రంగు పెచ్చులూడుచుండెను. ఆ పెట్టెనే యుదాహరణముగా గైకొని పనిక్రమము వివరింతును.

మొదటిది పరీక్ష. వ్రేలితో తట్టినపుడు గట్టిశబ్దము వచ్చినచో కఱ్ఱ లోపల మంచిదని యెఱుగవలెను. డొల్లశబ్దము వచ్చినచో చెదలు తినియుండును. గుండుసూదితలయంత రంధ్రములనుండి పిండివంటి పొడి రాలుచున్నచో పురుగు ఇంకను బ్రతికియున్నదన్నమాట. అట్టిదానిని వెంటనే ఇంటిలోనికి తేరాదు. పురుగును చంపుటకు అంగడిలో దొరకు మందును, దానిమీద వ్రాసిన ప్రకారము, చేతితొడుగులతో ఆరుబయట పట్టింపవలెను. కాళ్లు నలుసులై రాలిపోవుచున్నచో ఆ వస్తువునకు వన్నె పెట్టుట వృథాప్రయాస.

రెండవ ప్రశ్న, రంగు వేయదగునా యని. టేకు, జిట్రేగి కఱ్ఱల పోగుల అందము సహజముగా కనబడుచున్నచో దానిని రంగుతో కప్పుట తగదు. చెక్కడపుపని యున్నచో అసలే తగదు. రంగు చెక్కడపు గీతలలో పేరుకొని పనివాని నేర్పును పూడ్చివేయును. అట్టివానికి లక్కను స్పిరిటులో కరగించి పట్టించు పాలిషే చాలును. రంగు దేనికి వేయవలెననగా, ఇదివఱకే రంగు పూయబడినదానికి, పలురకముల కఱ్ఱతుండ్లతో అతికినదానికి, మామిడివంటి సామాన్యపు కఱ్ఱతో చేసినదానికి. మన సారెపెట్టె పైభాగము మొదటి తెగలోనిది. కాని మూత లోపలివైపున అత్తగారి పేరు చాకుతో చెక్కియున్నది. ఆ భాగమును మాత్రము కోడలు తాకలేదు, మంచిపనియే చేసినది.

ఇక, ఈ వ్యాసములో నన్నిటికంటె ముఖ్యమైన మాట. పాతరంగును పొడిగా గీకరాదు. పూర్వము రంగులకు తెలుపు, పసుపు, ఎఱుపు వన్నెలు తెచ్చుటకును, త్వరగా ఆఱుటకును సీసపు పదార్థములు విరివిగా కలిపెడివారు. మనదేశమున తయారగు ఇంటిరంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2016లో చేయబడి, 2017 నవంబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. అంతకుముందటి రంగు ఏదైనను అందు సీసమున్నదనియే తలచి నడచుకొనుట క్షేమము. రంగును గీకినపుడు లేచు ధూళి కంటికి కనబడదు. నేలపై వ్రాలును, ప్రాకు బిడ్డ చేతికి అంటును, చేతినుండి నోటికి పోవును. అది పసివారి మెదడు ఎదుగుదలను చెఱచును. చదువునకు, నడవడికి హాని చేయును. గర్భిణికిని, ఆమె కడుపులోని బిడ్డకును ప్రమాదమే. ఇంతవఱకు హానిలేదని చెప్పదగిన హద్దు సీసమునకు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

కావున పాతరంగు గట్టిగా నంటియున్నచో దానిని ఊడబెఱుకక, నీటితో తడిపి, నీటికి తాళు గరుకుకాగితముతో పైపైన మాత్రమే రుద్దవలెను. పనిని ఆరుబయట, క్రింద పాతదుప్పటి గాక ప్లాస్టిక్ పట్టా పఱచి చేయవలెను. ముక్కునకు చీరచెఱగు చాలదు. ఎన్-95 అను ముసుగు ధరింపవలెను. పిల్లలను, గర్భిణులను దాపునకు రానీయరాదు. పిమ్మట చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పాఱవైచి, స్నానముచేసి బట్టలు వేఱుగా ఉతుకవలెను. రంగును మంటతో కాల్చి తీయరాదు. రంగు వేసిన పాతకఱ్ఱను పొయ్యిలోనికి ఎన్నడును పెట్టరాదు. పెచ్చులు మిక్కుటముగా ఊడుచున్న యుయ్యాలతొట్లను, పిల్లల మంచములను కొనకుండుటయే మేలు.

ఇది తీరిన పిమ్మట మిగిలినది వేడుకపని. కుంకుడురసము కలిపిన గోరువెచ్చని నీటిలో గుడ్డను ముంచి గట్టిగా పిండి, జిడ్డుపోవువఱకు తుడిచి, నీడలో రెండుదినములు ఆఱనీయవలెను. ఎండలో పెట్టినచో కఱ్ఱ బీటలు వాఱును. వదులైన కాలును ఊడదీసి, కుసిలోని పాతజిగురును గీకి, క్రొత్తజిగురు పట్టించి, త్రాటితో బిగించి రాత్రియంతయు కదలింపకుండవలెను.

చీలికలు పూడ్చుటకు మన ప్రాంతమునందే ఒక చక్కని విద్య కలదు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో నున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు రంపపుపొట్టును చింతగింజల జిగురుతో మర్దించి బొమ్మలు చేయుదురు; దానిపై సుద్దపూత పూసి పిమ్మటనే రంగులు దిద్దుదురు. పగులు పూడ్చుట, తెల్లనిపూత, తరువాత రంగు అను క్రమము వారి బొమ్మకును మన పెట్టెకును ఒక్కటియే. అయితే చింతగింజల జిగురు చెమ్మకు మెత్తబడును. కావున నిత్యము వాడు సామానునకు రంపపుపొట్టును వడ్రంగిజిగురుతో కలిపి పూడ్చుట మేలు. సన్నని గుంటలకు లప్పము చాలును. ఆఱిన తరువాత 120 అంకె గరుకుకాగితముతోను, పిదప 220 అంకె కాగితముతోను కఱ్ఱపోగుల వెంబడి రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు రంగు క్రింద నుండి కనబడును. ఈ రుద్దుడు క్రొత్తపూడికకును, రంగులేని కఱ్ఱకును మాత్రమే. పాతరంగు మీద పైజెప్పిన తడిపద్ధతియే.

టేకులో సహజముగా నూనె యుండును. దానిపై తిన్నగా తెల్లరంగు వేసిన పసుపుమరకలు పైకి తేలును. ముందుగా పలుచని లక్కపూత వేసి, ఆఱినపిమ్మట ప్రైమరు వేసినచో ఈ చిక్కు లేదు. రంగు విషయమున తొందరయే శత్రువు. ఒక దళసరిపూతకంటె మూడు పలుచనిపూతలు మేలు. పూతకు పూతకు నడుమ ఒక దినము విడువవలెను. వానకాలమున గాలిలో చెమ్మ హెచ్చుగా నుండుటచే రంగు ఆఱక జిగటగా నిలుచును. కార్తికము మొదలు మాఘమువఱకు ఈ పనికి మంచికాలము. ముట్టుకొన్నపుడు ఆఱినట్లు తోచినను, లోపల గట్టిపడుటకు రెండుమూడు వారములు పట్టును. అంతవఱకు పైన బరువు పెట్టరాదు. పెట్టె లోపలివైపు రంగు వేయరాదు. బట్టలకు వాసన పట్టును, మడతలు అంటుకొనును.

ఇత్తడి పిడులకు, గొళ్లెములకు రంగు పూయుట అపచారము. పాలకుర్తివలె జనగామ జిల్లాలోనిదే యైన పెంబర్తి ఇత్తడిపనికి పేరుగాంచినది. ఆ పొరుగువారమై యుండి ఇత్తడిని రంగుతో కప్పుదుమా? రంగు వేయుటకు ముందే వానిని విప్పి, చింతపండుతో తోమి, కడిగి, బాగుగా తుడిచి, చివరకు బిగింపవలెను. అలంకారము మితముగా నుండవలెను. చేర్యాల పటములందు నేపథ్యము ఎఱ్ఱనిది. ఆ యెఱుపు నేలమీద తెల్లని ముగ్గుకఱ్ఱ యొక్కటి అంచువెంట దిద్దినచో చాలును. ప్రతిదినము వాకిట ముగ్గుపెట్టు చేతికి వేఱే గురువక్కఱలేదు.

సారెపెట్టె యిప్పుడు నట్టింట నున్నది. అందు పిల్లల పుస్తకములున్నవి. ధనము మిగులుట యొక లాభము. అంతకంటె గొప్పది మఱియొకటి కలదు. ఆడుది పుట్టినింటినుండి తెచ్చుకొన్న వస్తువు ఆమె ముసలితనమున తూకమునకు పోకుండుట, ఆమెకు మనమిచ్చు గౌరవము. అయినను మొదటనే పెద్దపనికి పూనుకొనకుడు. ఈ కార్తికమున ఒక పాతపీటతో ప్రారంభింపుడు. అది కుదిరినచో కుర్చీ, కుర్చీ కుదిరినచో పెట్టె. చేయి తిరిగినకొలది, మన యింట పాఱవేయదగినదని తలచిన వస్తువు లెంత కొలదియో మీకే తెలియగలదు.